పక్కవాళ్ళున్నారా

నేను మనుషుల్ని లెక్కపెట్టను. పదకొండేళ్ళుగా విశాఖపట్నంలో టూరిస్టు బస్సు మీద గైడుగా చేస్తున్నాను. పొద్దున్న ఎనిమిదింటికి బయల్దేరి కొండలూ మ్యూజియాలూ బీచులూ తిప్పి, సాయంత్రం హార్బర్లో పడవెక్కించి, నీళ్ళ మీద భోజనం పెట్టించి దింపేదాకా పాతికమంది నా పూచీ. అయినా ఒక్కరోజు కూడా తలలు లెక్కపెట్టలేదు.

అది మా డ్రైవరు పెట్టిన నియమం. వాళ్ళది జాలారిపేట. తాతలనాటి నుంచీ చేపల వేట మీద బతికిన ఇల్లు. సముద్రం మీదకి వెళ్ళే రోజు మనుషుల్ని వేలితో చూపించి లెక్కపెడితే అరిష్టమని వాళ్ళమ్మ అనేదట. నేను చేరిన మొదటి రోజు బస్సులో నిలబడి ఒకటి, రెండు అంటూ వేలు ఆడిస్తుంటే అతను స్టీరింగు వదిలి లేచొచ్చి నా వేలు పట్టుకున్నాడు.

"తలకాయలు లెక్కెట్టకు బావ. నువ్వు పైన లెక్కెడితే అది కిందన లెక్కెడతాది."

అది అంటే సముద్రం. మా టూరు రోజూ సముద్రం మీదే ముగుస్తుంది కాబట్టి మాకు రోజూ లెక్క లేని రోజే. దానికి బదులు ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రతి స్టాపు దగ్గరా బస్సు కదిలేముందు నేను మైకులో "పక్కవాళ్ళున్నారా" అని అడుగుతాను. ఎవరి పక్క సీటు వాళ్ళు చూసుకుని, ముందు వరస నుంచి వెనక్కి, "ఉన్నారు" అని జవాబు చెప్పాలి. ఒంటరిగా వచ్చినవాళ్ళకి పక్కవాణ్ణి నేనే. పదకొండేళ్ళలో ఒక్క మనిషిని కూడా ఎక్కడా వదిలి రాలేదు, ఆ ఆదివారం దాకా.

నా సంగతి కూడా చెప్పాలి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, చెయ్యి దానికన్నా ముందుంటుంది. మాది పద్మనాభం దగ్గర పల్లె. మా నాన్న చేతిలో చెర్నాకోల ఎడ్ల మీద కన్నా మా మీదే ఎక్కువ ఆడేది. ఆయన వ్యవసాయం నాకు రాలేదు గాని ఆ చెయ్యి మాత్రం వచ్చింది. ఇరవై ఆరేళ్ళప్పుడు ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తూ సూపర్‌వైజరు పళ్ళు రాలగొట్టి పని పోగొట్టుకున్నాను. పెళ్ళయిన మూడో ఏడు, అన్నం మాడిందని మా ఆవిడ చెంప పగలగొట్టాను. ఆవిడ ఏడవలేదు. ఆ మాడిన అన్నమే ఇద్దరికీ వడ్డించి, ఎదురుగా కూర్చుని, "ఇంకొక్కసారి సెయ్యెత్తి సూడు" అంది. గొంతు పెంచలేదు. ఆ తర్వాత ఇంట్లో నా చెయ్యి లేవలేదు. బయట లేస్తూనే ఉంది.

ఆ ఆదివారం చివరి వరసలో ఒక జంట కూర్చుంది. అతనికి ముప్పై ఉంటాయి. బలమైన మెడ, కొత్త తెల్ల బూట్లు. పరవాడలో ఏదో ఫ్యాక్టరీలో షిఫ్టు పని అని చెప్పాడు. ఇద్దరిదీ గోదావరి జిల్లా, మాట వింటేనే తెలిసిపోయింది. ఆమెకు పాతికలోపే. ఆ ఉక్కలో, చెమట ధారలు కడుతుంటే, మణికట్ల దాకా చేతులున్న చుడీదార్ వేసుకుంది. అలాంటి పొడుగు చేతుల జాకెట్లు మా అమ్మ ఎండాకాలంలో కూడా వేసుకునేది, కమిలిన చోట్లు కనపడకుండా. కాబట్టి నాకు అర్థం కాలేదని చెప్పుకోడానికి వీల్లేదు.

కైలాసగిరి ఘాట్ ఎక్కుతున్నప్పుడు నేను ఎప్పుడూ వేసే సామెత ఒకటి ఉంది. "మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. అలాగే మన వైజాగ్ వాళ్ళు తుపానొచ్చినందుకు బాధపడరండి, అది పక్క ఊరికి వెళ్ళలేదనే బాధపడతారు." పదకొండేళ్ళుగా ఆ మాటకి బస్సంతా నవ్వుతుంది. ఆ రోజూ నవ్వింది. చివరి వరసలో ఆమె కూడా నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. అతను నవ్వలేదు. అడ్డం పెట్టుకున్న ఆ చేతిని మెల్లగా కిందకి దింపి, సీటు చాటున పట్టుకుని మెలిపెట్టాడు. డ్రైవరు ముందున్న అద్దంలో నాకు ఆమె ముఖం కనిపించింది. నవ్వు ఆగిపోయి, పెదవులు తెల్లబడ్డాయి. నేను ఏం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. మైకు సౌండు పెంచి ఇంకో జోకు వేశాను.

రుషికొండా తొట్లకొండా మధ్యాహ్నానికి పెట్టుకుని, ముందు బీచి రోడ్డులో సబ్‌మెరైన్ మ్యూజియం చూపించాం. ఇసుక మీద నిలబెట్టిన ఆ జలాంతర్గామి లోపల అంతా ఇనుమే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలంటే నడుం వంచి, కాలెత్తి, గుండ్రటి ద్వారంలోంచి దూరాలి. నేను ముందు నడుస్తూ చెబుతున్నాను. నా వెనక విజయనగరం వైపు నుంచి ఒంటరిగా వచ్చిన ఒక మామ్మగారు, ఆమె వెనక ఈ జంట. మామ్మగారు ద్వారం దాటలేక తడబడితే ఆ అమ్మాయి చెయ్యి అందించింది. దాంతో లైను ఆగింది. "నీకెందుకే" అన్న మాట వినిపించింది. ఆ వెంటనే ఇనుము మోగింది.

ఆమె తల పట్టుకుని ద్వారం అంచుకి కొట్టాడు. ఇనప గదిలో ఆ మోత ఒక పట్టాన ఆగలేదు. ఆమె నోట్లోంచి మాత్రం శబ్దం రాలేదు. అలవాటు లేని మనిషైతే అరిచేది.

అంతే, నా చెయ్యి నా మాట వినలేదు. మామ్మగారిని పక్కకి తప్పించి, వాడి కాలరు పట్టుకుని ఆ గుండ్రటి ద్వారంలోంచి ఇవతలికి లాగి రెండు పీకాను. మొదటిది చెంప మీద, రెండోది ముక్కు మీద. ముక్కులోంచి నెత్తురు కారి వాడి తెల్ల బూట్ల మీద పడింది. వెనక నుంచి ఎవరో "బాగా చేశావన్నా" అన్నారు. ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు. దాచుకోవడం ఎందుకు, నాకు చాలా బాగుంది. నా చెయ్యి పుట్టిన ఇన్నేళ్ళకి ఒక మంచిపనికి పనికొచ్చిందనుకున్నాను.

వాడు తిరగబడలేదు. జేబురుమాలుతో ముక్కు తుడుచుకుని, "సరే గైడుగారూ" అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

మధ్యాహ్నం భోజనానికి ఒక హోటల్ దగ్గర ఆపాం. వాళ్ళిద్దరూ చేతులు కడుక్కోవడానికని వెనక వైపుకి వెళ్ళారు. చాలాసేపటికి వచ్చారు. ఆమె ఎడమచేతికి వాడి నెత్తుటి రుమాలే చుట్టి ఉంది. మామ్మగారు చూసి లేచి వెళ్ళారు.

"ఏటమ్మా, సెయ్యికేటైంది?"

"తలుపులో పడిందండి."

రుమాలులోంచి బయటికి వచ్చిన రెండు వేళ్ళు అప్పుడే వంకాయ రంగుకి తిరుగుతున్నాయి. నేను వాడి వైపు చూశాను. వాడు నా కోసమే ఎదురుచూస్తున్నట్టు, పెరుగన్నం కలుపుకుంటూనే ఎడమచెయ్యి ఎత్తి రెండు వేళ్ళు చూపించాడు. నేను కొట్టినవి రెండు.

కంచం తోసేసి లేచాను. టేబుల్ మీద ఇత్తడి నీళ్ళ జగ్గు ఉంది, దాన్ని వాడి నెత్తి మీద దించాలనే లేచాను. డ్రైవరు నా నడుం పట్టుకుని వెనక తలుపులోంచి బయటికి ఈడ్చుకుపోయాడు. పెనుగులాటలో అతని చొక్కా గుండీలు తెగిపోయాయి.

"వొదులు బావ. వాణ్ణి సంపేత్తాను" అన్నాను.

"సంపితే సంపు. సంపలేవు కదా. నాలుగు గుద్దుతావు, నీ సెయ్యి సల్లబడద్ది, నువ్వు ఇంటికెల్లిపోతావు. ఆ పిల్ల ఎవులితో ఇంటికెల్లాల?"

వెళ్ళి బస్సులో కూర్చున్నాను. ఆ తర్వాత చివరి వరస వైపు చూడలేదు. అద్దంలోకి కూడా చూడలేదు. చూస్తే ఆ రెండు వేళ్ళు కనిపిస్తాయి. వాటిని విరిచింది వాడే అయినా, విరగ్గొట్టించింది నేనేనని నాకు తెలుసు.

రుషికొండ అయ్యాక నాలుగు గంటలకి తొట్లకొండ ఎక్కాం. కొండ మీద పాత బౌద్ధుల స్తూపాలూ, భిక్షువుల గదుల పునాదులూ ఉంటాయి. కింద సముద్రం. గాలి మనిషిని తోసేస్తుంది. శాంతి, అహింస అని నేను రోజూ చెప్పే ముక్కలు ఆ రోజు నోట్లోంచి రాలేదు. అరగంట తిరిగి రండి అని చెప్పి బస్సు నీడన నిలబడ్డాను. వాడు సంచిలోంచి ఒక కూల్‌డ్రింకు సీసా తీసుకుని చెట్ల వైపు వెళ్ళడం మాత్రం చూశాను. అందులో ఉన్నది కూల్‌డ్రింకు కాదని ఆ నడకే చెప్పింది.

అరగంటయ్యాక అందరూ ఎక్కారు. మైకు తీసుకున్నాను.

"పక్కవాళ్ళున్నారా?"

ఉన్నారు, ఉన్నారు, ఉన్నారు అంటూ జవాబులు వెనక్కి వెళ్ళాయి. చివరి వరస నుంచి ఒక ఆడగొంతు, పొద్దుటి నుంచి విననంత స్పష్టంగా, "ఉన్నారండి" అంది.

"పోనీ బావ" అన్నాను.

హార్బర్ చేరేసరికి ఆరు దాటుతోంది. పడవవాళ్ళు మా కోసమే ఆపారు. రెండంతస్తుల పడవ. కింద భోజనాల బల్లలు, పైన పాటలు, రంగు బల్బులు. దాన్ని నడిపే సరంగు అరవై దాటిన మనిషి. ఎప్పుడూ తాడు విప్పేదాకా బీడీ కాల్చి, విప్పాక పారేస్తాడు. టిక్కెట్టు అందరికీ కలిపి ఒకటే కాబట్టి అక్కడా తలల లెక్క లేదు. ఎక్కేటప్పుడు ఒక్కొక్కరికీ లైఫ్ జాకెట్ ఇవ్వడం నా పని. బుకింగు కాగితంలో ఉన్నన్ని పొద్దున్నే తీయించి పెడతాను. అందరూ ఎక్కారు. మెట్ల పలక లాగేశారు. తాడు విప్పారు. సరంగు బీడీ నీళ్ళలో పడేశాడు.

నా చేతిలో ఒక జాకెట్ మిగిలింది.

తలెత్తి చూస్తే ఆమె ముందు వైపు రెయిలింగ్ పట్టుకుని ఒంటరిగా నిలబడి ఉంది. పక్కన ఎవరూ లేరు. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఒక ఆటో వచ్చి ఆగింది. వాడు దూకి పరుగెత్తుకొచ్చాడు. కొండ మీద ఆటో దొరక్క ఎంతదూరం నడిచాడో, తెల్ల బూట్లు ఎర్రమట్టి అయిపోయాయి. పడవకీ గట్టుకీ మధ్య అప్పటికి నాలుగు బారల నీళ్ళు.

"ఎనక్కి తిప్పమంటావేటి?" అన్నాడు సరంగు.

ఆమె నా వైపు చూసింది. బతిమాలలేదు. నేను ఏం చెబుతానో చూద్దామన్నట్టు చూసింది.

"వొద్దు, పోనీ" అన్నాను.

మొదటి రాయి రెయిలింగుకి తగిలింది. రెండోది కిటికీ అద్దం పగలగొట్టి అప్పడాల పళ్ళెంలో పడింది. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. వాడు గట్టు మీద వల పడవల పక్కన పడున్న వెదురు గెడ ఒకటి తీసుకుని రాతి అంచు మీద దబదబా బాదుతున్నాడు. బూతులన్నీ అయ్యాక వాడన్న మాట నీళ్ళ మీంచి తేటగా వినిపించింది.

"తిరిగి ఇక్కడికే కదరా రావాలి. రండి. ఇక్కడే ఉంటాను."

నిజమే. మా పడవ పోర్టు ఛానెల్లోంచి వెళ్ళి, డాల్ఫిన్స్ నోస్ కొండ కింద మలుపు తిరిగి, గంటన్నరకి అదే గట్టుకి వస్తుంది. దిగడానికి ఇంకో చోటు లేదు.

ఆ గంటన్నర నా జీవితంలో పొడవైన గంటన్నర. పైన పాటల మోత, కింద బిర్యానీ వాసన, రెండు పక్కలా బొగ్గు కుప్పలూ ఓడలూ. కొందరు తిన్నారు, కొందరు వీడియోలు తీశారు. ఒకాయన పోలీసులకి ఫోన్ చేస్తే వస్తామన్నారు. ఆమె సంచిలో వాడి ఫోన్ ఉంది. కొండ మీద దిగేటప్పుడు, బస్సులో ఛార్జింగ్ పెట్టమని ఆమెకే ఇచ్చాడట. ఎవరి ఫోన్లోంచో దానికి చేస్తూనే ఉన్నాడు. అది సంచిలో వణుకుతుంటే బట్టలోంచి వెలుగు వచ్చి పోతోంది. ఆమె కట్ చెయ్యలేదు, ఎత్తలేదు.

నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. మామ్మగారు అప్పటికే ఆమెని ఒక కుర్చీలో కూర్చోబెట్టి ఐసుగడ్డలు తెప్పించి వేళ్ళకి పెడుతున్నారు.

"నువ్వేం భయపడకమ్మా. దిగీ దిగగానే వాడి సెయ్యి ఇరగ్గొట్టేస్తాను" అన్నాను.

"కొట్టకండి" అంది. "పొద్దున మీరు కొట్టారు కదండి." చెయ్యి ఎత్తి చూపించలేదు. చూపించాల్సిన పని లేకపోయింది.

కాసేపటికి తనే చెప్పింది. పెళ్ళయి నాలుగేళ్ళట. ఒకసారి స్టేషన్ దాకా వెళ్తే, సర్దుకుపొమ్మని చెప్పి ఇద్దర్నీ ఒకే ఆటోలో పంపించారట. ఆ రాత్రి జరిగింది చెప్పలేదు. సామర్లకోటలో అక్క ఉందట. "వచ్చెయ్, మిగతాది నేను చూసుకుంటాను" అని అక్క అంటూనే ఉందట, ఇల్లు దాటి రావడమే కుదరలేదట. తొమ్మిదింటికి దువ్వాడలో ఒక రైలు ఆగుతుందని ఆమెకి తెలుసు. రెండు నెలలుగా ఆ టైము గుర్తుపెట్టుకుందట.

"బస్సులో కూర్చుంటే చాలండి. ఈ మెట్ల దగ్గర్నుంచి బస్సు దాకా."

అరవై అడుగులు ఉంటుంది. ఆ అరవై అడుగుల మధ్యలో వాడు గెడ పట్టుకుని ఉన్నాడు.

"అందరం సుట్టూ నిలబడి తీస్కెల్దాం" అన్నారు మామ్మగారు.

ఆమె తల అడ్డంగా ఊపింది. "జనం చుట్టూ ఉంటే నేనెక్కడున్నానో వాడికి తెలిసిపోతుందండి. జనాన్ని కూడా కొడతాడు." నీళ్ళ వైపు చూస్తూ అంది. "కొట్టేటప్పుడు మాత్రం వాడికి ఇంకేం కనపడదండి. పక్కన ఇల్లు తగలబడినా కనపడదు. నాకు తెలుసు."

అంతకుమించి ఆమె ఏమీ అడగలేదు. ఎవర్నీ ఏదీ చెయ్యమనలేదు. వాడు కొట్టడానికి అక్కడ ఇంకో మనిషి కావాలని నాకు అర్థమైంది. కొట్టించుకోవడం నాకు చిన్నప్పుడు బాగా తెలుసు. పదిహేనేళ్ళు వచ్చాక మానేశాను, ఇంకెప్పుడూ ఎవరి చేతిలోనూ తినకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నిజంగా భయమేసింది. దెబ్బలకి కాదు. దెబ్బ పడ్డ మరుక్షణం నా చెయ్యి లేచిపోతుందేమోనని భయం.

డ్రైవరుకి ఫోన్ చేసి, బస్సు మెట్లకి ఎంత దగ్గరగా పెట్టగలడో పెట్టి ఇంజను ఆపకుండా ఉంచమన్నాను. నేను ఎక్కానా లేదా అని చూడొద్దన్నాను.

"నీకేటన్నా పిచ్చా బావ" అన్నాడు. తర్వాత, "సరే" అన్నాడు.

మిగిలిపోయిన లైఫ్ జాకెట్ వేసుకున్నాను. పదకొండేళ్ళలో నేను దాన్ని వేసుకోవడం అదే మొదటిసారి, అదీ నీళ్ళకి భయపడి కాదు, కర్రకి భయపడి. రెండు చేతులూ గుండెల దగ్గర దాని పట్టీల్లో దూర్చి బిగించాను. సరంగు చూసి, చేతుల మీదుగా ఒక తాడు ముక్క తిప్పి ముడేశాడు. కొస లాగితే ఊడిపోయే ముడే. "గుర్తుంటాదని" అన్నాడు.

పడవ గట్టుకి తగిలింది. వాడు అన్నట్టే అక్కడే ఉన్నాడు. గేటు కాపలా ముసలాయన దూరంగా నిలబడి ఈల ఊదుతున్నాడు. పోలీసులు ఇంకా రాలేదు. అందరికన్నా ముందు నేను దిగాను. మెట్ల వైపు కాకుండా, వాడి కుడిపక్కకి, బస్సుకి ఎదురు దిక్కుకి నడిచాను. వాడు నాతోపాటు తిరిగాడు.

"నీ పెళ్ళాన్ని నేనే ఎక్కించాను రా" అన్నాను. "నిన్ను కావాలనే వదిలేశాను."

రెండో మాట అబద్ధం. అప్పటికి మాత్రం అది నిజం కావాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను.

మనుషుల్ని లెక్కపెట్టని నేను దెబ్బలు లెక్కపెట్టాను. మొదటిది భుజం మీద పడింది. రెండూ మూడూ జాకెట్ మీద పడ్డాయి, దబ్బుమన్నాయి గాని నొప్పి లేదు. అది చూసి వాడు కింద కొట్టడం మొదలుపెట్టాడు. నాలుగోది మోకాలు. కింద పడ్డాను. ఐదు, ఆరు వీపు. తాడు తెగేలా నా చెయ్యి గుంజుకుంటోంది. నా పిడికిలిని నేనే కొరికి పట్టుకున్నాను. ఏడోది పడేటప్పటికి మా నాన్న గుర్తొచ్చాడు. ఎనిమిదోది పడేటప్పటికి మా ఆవిడ కళ్ళు గుర్తొచ్చాయి, మాడిన అన్నం ముందు కూర్చున్న కళ్ళు. వాడి కాళ్ళ సందులోంచి మెట్లు కనిపిస్తున్నాయి. జనం ఇద్దరిద్దరుగా దిగుతున్నారు. మామ్మగారు తన పమిట కొంగు ఆమె తల మీదుగా కప్పి, కూతురి చెయ్యి పట్టుకుని నడుస్తున్న తల్లిలా తీరిగ్గా నడిపించుకుపోతున్నారు. ఆవిడ పరుగెత్తలేదు, ఆమెని పరుగెత్తనివ్వలేదు.

తొమ్మిదోది ఎడమ చెవి మీద పడింది. లోపల ఏదో పగిలి, సముద్రం మొత్తం తలలోకి వచ్చినట్టు హోరెత్తింది. మా ప్రయాణికులు ఇద్దరు వాడి చొక్కా పట్టుకున్నారు, వాడు విదిలించుకున్నాడు. పదోది ఎక్కడ పడిందో తెలియదు. అప్పుడు కుడిచెవికి బస్సు మైకు వినిపించింది. ఆ గొంతు మా డ్రైవరుది. జీవితంలో ఎప్పుడూ మైకు పట్టుకోని మనిషి.

"పక్కోల్లున్నారేటి?"

ఉన్నారు, ఉన్నారు అని జవాబులు వస్తున్నాయి, పొద్దుటి కన్నా గట్టిగా. అందరికన్నా చివర మామ్మగారి గొంతు వినిపించింది. పొద్దుటి నుంచి ఆవిడ పక్క సీటు నాది.

"నా పక్కన పిల్లుంది. పోనియ్ బాబూ."

ఇంజను మోతకి వాడు తల తిప్పాడు. గెడ పారేసి పరుగెత్తబోయాడు. నేను పళ్ళతో తాడు కొస లాగేసి, చేతులు విడిపించుకుని, వెనక నుంచి వాడి రెండు కాళ్ళూ కావలించుకున్నాను. కొట్టలేదు. కావలించుకుని పడుకున్నానంతే. వాడు నా తల మీద తన్నాడు, ఎడమచేతి వేళ్ళు తొక్కాడు, వంగి భుజం కొరికాడు. పడవవాళ్ళు వచ్చి విడదీసేటప్పటికి బస్సు వెనక ఎర్రలైట్లు గేటు దాటిపోయాయి. సరంగు నన్ను కూర్చోబెట్టి నోట్లో నీళ్ళు పోశాడు. రెండు పళ్ళు ఆ నీళ్ళతోపాటు బయటికి వచ్చాయి. సూపర్‌వైజరు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక మా ఆవిడ నన్ను మంచం మీద కూర్చోబెట్టింది. నా కుడిచెయ్యి తీసుకుని దీపం దగ్గర తిప్పి తిప్పి చూసింది. పిడికిలి కణుపుల మీద ఒక్క గీత లేదు. నా పంటి గాట్లు మాత్రం ఉన్నాయి.

"నువ్వు కొట్టనేదా?"

"పొద్దున రెండు కొట్టాను. రాత్రి ఒక్కటీ కొట్టలేదు."

ఆవిడ ఆ చేతిని చాలాసేపు వదల్లేదు. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ ఏడవగా చూడటం నాకు అదే మొదలు.

డ్రైవరు ఆమెని రైలెక్కించి, అది కదిలేదాకా ప్లాట్‌ఫామ్ మీదే నిలబడ్డాడట. ఆ తర్వాత ఆమె ఏమైందో నాకు తెలియదు. అక్క దగ్గరే ఉందో, ఆవిడ ఇంకెక్కడికైనా పంపిందో నేను కనుక్కోలేదు. పోలీసులు వదిలేశాక వాడు రెండుసార్లు బస్సు దగ్గరికి వచ్చి అడిగాడు. తెలియని సంగతి ఎంత కొట్టినా బయటికి రాదు.

ఆ తోడికోడలు సామెత ఇప్పుడు చెప్పడం లేదు. తలలు మాత్రం ఇప్పటికీ లెక్కపెట్టను, మా డ్రైవరు ఊరుకోడు. "పక్కవాళ్ళున్నారా" అని ఎప్పటిలాగే అడుగుతాను. ఎడమ చెవి పోయింది కాబట్టి చివరి వరస జవాబు నాకు వినపడదు. అందుకని మైకు పక్కన పెట్టి, చివరిదాకా నడిచి వెళ్ళి, ఒక్కొక్కరి ముఖం చూసి వస్తాను.